పడవ కింద ఊరు

కొండగట్టు అంజన్న దర్శనానికి వచ్చేవాళ్లలో చాలామంది ఒక్క గుడితో ఆగరు. వేములవాడలో రాజన్నకు కోడె మొక్కు చెల్లించి, కొండగట్టులో దండం పెట్టుకుని, వీలు చిక్కితే ధర్మపురి వెళ్లి గోదావరిలో మునిగి ఇల్లు చేరడం ఉత్తర తెలంగాణలో తరాల నాటి వరుస. ఈమధ్య ఏళ్లలో ఆ వరుసలోకి పడవ కూడా వచ్చి చేరింది. బోయినపల్లి మండలం వరదవెల్లిలో గుట్ట మీద దత్తాత్రేయస్వామి గుడి ఉంది. మానేరు మీద మధ్య మానేరు జలాశయం కట్టి నీళ్లు నింపాక ఆ గుట్ట చుట్టూ నీరు కమ్ముకుని అది దీవి అయింది. ఒకప్పుడు నడిచి వెళ్లిన గుడికి నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో పడవెక్కి వెళ్లాలి. ఒడ్డున నిలబడితే కనుచూపు మేర నీళ్లు, మధ్యలో గుట్ట, పైన గుడి. ఫోటోకు ఇంతకంటే అందమైన చోటు ఆ చుట్టుపక్కల దొరకదు. ఆ నీళ్ల అడుగున మాత్రం పొలం గట్లు, బాటలు, బావులు, ఇళ్ల పునాదులు ఉన్నాయి.

ప్రపంచంలో బాగా పేరున్న నదీ విహారాల్లో ఒకటి అచ్చం ఇలాంటిదే. చైనాలో యాంగ్జీ నది మీద చోంగ్‌చింగ్ నగరం దగ్గర ఓడ ఎక్కి, మూడు రాత్రులు నీళ్ల మీద గడిపి, నాలుగో రోజు యీచాంగ్‌లో దిగుతారు. దారిలో చూటాంగ్, వూ, షీలింగ్ అనే మూడు ఇరుకు లోయలు వస్తాయి. ఈ నది మీద కట్టిన త్రీ గోర్జెస్ డ్యామ్‌కు ఆ పేరు వీటి వల్లే వచ్చింది. చూటాంగ్ లోయ ముఖద్వారాన్ని కుయ్‌మెన్ అంటారు. దాని బొమ్మ చైనా 10 యువాన్ల నోటు వెనుక అచ్చయి ఉంటుంది. ఓడ అక్కడికి చేరే వేళకు ప్రయాణికులు డెక్ మీదికి వచ్చి, ఆ నోటును కొండకు ఎదురుగా పట్టుకుని ఫోటోలు తీసుకుంటారు. ఆ నోటు మొదట అచ్చయింది 1999 వరసలో. జలాశయంలోకి నీళ్లు ఎక్కడం మొదలైంది 2003లో. చేతిలోని బొమ్మలో ఉన్నది పాత నది, కళ్ల ముందు ఉన్నది జలాశయం. రెండూ ఒకే ఫ్రేములో పడుతున్నాయని ఫోటో తీసుకునేవాళ్లలో ఎంతమంది గమనిస్తారో మరి.

2020లో ఆగిపోయిన భారత్, చైనాల మధ్య నేరుగా నడిచే విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. సముద్రపు క్రూజ్ ఓడల్లో బృందంగా వచ్చే విదేశీయులకు చైనా 2024 మే నుంచి 13 తీర నగరాల్లో వీసా లేకుండా 15 రోజుల వరకు తిరగనిస్తోంది. తెలుగువాళ్లు కూడా సెలవులకు అటువైపు చూసే రోజులు ఇవి. ఎక్కడికి వెళ్లాలి, ఎంతవుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు ఏ ట్రావెల్ ఏజెంటు అయినా చెబుతాడు. ఓడ మీది నుంచి చూడటం అంటే అసలు ఏమిటన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. జలాశయం మీద సాగే ఏ విహారమైనా నిజానికి ఒక ముంపు ప్రాంత సందర్శన. నీటి అడుగున ఏముందో తెలిపే ఏర్పాటు ఉంటేనే ఆ ప్రయాణం చూడటం అవుతుంది, లేకుంటే నీళ్ల మీద గాలి పీల్చి రావడం అవుతుంది. ఈ మాటకు సాక్ష్యం యాంగ్జీలోనూ ఉంది, మన కృష్ణలోనూ ఉంది, కొండగట్టుకు గంట గంటన్నర దూరంలోని కోటిలింగాలలోనూ ఉంది.

క్రూజ్ ప్రయాణంలో ఒక చిక్కు ఉంది. ఓడ మనిషిని ఎక్కువసేపు ఎక్కడా నిలవనివ్వదు. తియాంజిన్ రేవులో ఆగిన సముద్రపు ఓడ ప్రయాణికులకు బీజింగ్ చూపిస్తామంటారు. బస్సులో పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. మిగిలిన కాస్త సమయంలో మహాకుడ్యం మీద నాలుగు అడుగులు వేయించి వెనక్కి తెస్తారు. యాంగ్జీ మీద దూరాలు అంత ఉండవు కానీ లెక్క అదే. ఒడ్డున దిగిన రెండు మూడు గంటల్లో అక్కడ ముందే పేర్చి పెట్టింది మాత్రమే కనిపిస్తుంది. సొంతంగా సందుల్లోకి వెళ్లి, ఎవరినో పలకరించి, తెలుసుకునే తీరిక ఉండదు. కాబట్టి ఎవరు ఏది పేర్చారు, ఏది పక్కన పెట్టారు అన్నదే ఆ యాత్రికుడు ఇంటికి మోసుకెళ్లే చైనా అవుతుంది.

యాంగ్జీ మీద ఏమేం నీళ్లపాలయ్యాయో ముందు చూద్దాం. డ్యామ్ పని 1994లో మొదలైంది, గోడ 2006కు పూర్తయింది, 2010 అక్టోబరులో నీరు 175 మీటర్ల పూర్తి మట్టానికి చేరింది. 22,500 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఇది. వెనుక దాదాపు 600 కిలోమీటర్ల పొడవునా నది ఉబ్బి జలాశయమైంది. 13 నగరాలు, 140 పట్టణాలు, 1,300కు పైగా పల్లెలు మునిగాయి. సుమారు 13 లక్షల మంది ఇళ్లు విడిచారు. వెయ్యికి పైగా పురావస్తు స్థలాలు, పాత కట్టడాలు ముంపు జాబితాలోకి ఎక్కాయి. జియా జాంగ్‌కె అనే దర్శకుడు ఫెంగ్‌జియే పట్టణాన్ని ముంపుకు ముందు సుత్తులతో పడగొడుతున్న రోజుల్లో అక్కడే ఒక సినిమా తీశాడు. 2006లో దానికి వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ వచ్చింది. ఇంతటి వినాశం మీదుగా ఈరోజు ఏసీ గదుల ఓడలు తిరుగుతున్నాయి.

ఇంత జరిగినా చైనా కొన్నిటిని మునగనివ్వలేదు. షీబావ్‌జాయ్ అనే చోట కొండ బండకు ఆనించి కట్టిన పన్నెండు అంతస్తుల చెక్క గోపురం ఉంది. నీళ్లు వస్తాయని తెలిసి దాని చుట్టూ పెద్ద కరకట్ట కట్టారు. ఇప్పుడది నడి నీళ్లలో దీవి, వేలాడే వంతెన మీదుగా నడిచి వెళ్లాలి. వరదవెల్లి గుట్ట తెలిసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా అనిపించదు. యున్‌యాంగ్‌లో జాంగ్ ఫెయ్ అనే పురాతన వీరుడి ఆలయాన్ని ఇటుక ఇటుకకూ అంకె వేసి విప్పి, నది ఎగువన సుమారు 30 కిలోమీటర్ల అవతల మళ్లీ పేర్చారు. 2003లో దాన్ని తెరిచారు. అయితే వీటన్నిటి కంటే గొప్పది ఫూలింగ్ నగరం దగ్గర ఉంది. ఫూలింగ్ మజిలీ అన్ని ఓడల ప్రయాణంలోనూ ఉండదు. టికెట్ కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

దాని పేరు బైహెలియాంగ్, తెల్ల కొంగల బండ. నదిలో 1,600 మీటర్ల పొడవున పరుచుకున్న రాతి గట్టు అది. పూర్వం చలికాలంలో నది బాగా తగ్గినప్పుడే బయటపడేది. అలా బయటపడినప్పుడు అక్కడివాళ్లు నీరు ఎంత దాకా దిగిందో రాయి మీద చెక్కేవారు. మొదటి రాత 763 నాటిది. అప్పటి నుంచి పన్నెండు వందల ఏళ్ల పాటు నది ఎప్పుడు ఎంత తగ్గిందో అక్కడ లెక్క ఉంది. కొలబద్ద ఏమిటంటే రాతి మీద చెక్కిన చేపలు. చేప కన్ను దగ్గర నీటి గీత ఉంటే అది సున్నా. చేప పూర్తిగా బయటపడితే మరుసటి ఏడు పంటలు బాగా పండుతాయని నమ్మకం. మన భద్రాచలంలో గోదావరి ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తుపెట్టుకుంటాం. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు అని పెద్దవాళ్లు నోటికి చెబుతారు. ఫూలింగ్ వాళ్లు నది ఎంత కిందికి వెళ్లిందో గుర్తుపెట్టుకున్నారు. రాబోయే పంటను ముందే పసిగట్టాలనుకున్నవాళ్ల పుస్తకం ఆ బండ.

డ్యామ్ నిండితే ఆ బండ 40 మీటర్ల లోతున శాశ్వతంగా మునుగుతుంది. పైకి ఎత్తి తెచ్చేందుకు అది విగ్రహం కాదు, నదిలో పాతుకున్న కొండ. చుట్టూ గోడ కట్టి నీళ్లు తోడేస్తే బయటి నీటి బరువుకు గోడ పగిలిపోతుంది. గె షియురున్ అనే ఇంజనీరు ఒక ఉపాయం చెప్పాడు. బండ మీద బోర్లించిన బుట్టలాంటి కప్పు కట్టి, లోపల కూడా వడకట్టిన నీళ్లు నింపమన్నాడు. లోపల, బయట నీటి ఒత్తిడి సమానంగా ఉంటే కప్పు మీద బరువు పడదు.   2009 మేలో దాన్ని జనానికి తెరిచారు. ఒడ్డు నుంచి సొరంగంలో ఎస్కలేటర్ మీద నది అడుగుకు దిగి, గుండ్రని అద్దాల కిటికీల్లోంచి చూస్తే దీపాల వెలుగులో నీళ్ల అవతల చేప, చేప కన్ను, పక్కన అక్షరాలు కనిపిస్తాయి. కింద ఏముందో చూపడం అంటే ఇది. అన్ని వసతులూ ఉన్న ఓడ ఎక్కి, ఈ మ్యూజియం చూడకుండా యాంగ్జీ దాటినవాళ్లు ప్రయాణం ఖర్చంతా పెట్టుకుని సగమే చూసినట్టు.

ఇదంతా చదివి చైనావాళ్లు చేయగలరు, మనవల్ల ఏమవుతుంది అనుకుంటే పొరపాటు. ఆ పని మనం వాళ్లకంటే నలభై ఏళ్ల ముందు చేశాం. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. ఆ నీళ్లలో మునగబోయే లోయలో క్రీ.శ. మూడు, నాలుగో శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, హిందూ ఆలయాలు, స్నానఘట్టాలు, మెట్ల రంగస్థలం అక్కడ ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి లెక్క రాసింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి నాగార్జునకొండ మీద, కొన్నిటిని అనుపు దగ్గర ఒడ్డు మీద మళ్లీ నిలబెట్టింది. నీరు నిండాక కొండ దీవి అయింది, దాని మీద మ్యూజియం వెలిసింది, అక్కడికి లాంచీలు తిరిగాయి. చెక్కిన రాళ్లను చూడటానికి జలాశయంలో పడవెక్కి వెళ్లడం తెలుగువాళ్లకు 1960ల నుంచే తెలుసు.

నాగార్జునకొండకూ చైనాకూ అంతకంటే పాత సంబంధం ఒకటి ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిశ్రీ అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించి, దాని రాతి నేల మీద శాసనం వేయించింది. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం కట్టించానని చెబుతూ, వాళ్ల గురువులు ధర్మం బోధించిన దేశాల పేర్లు వరుసగా చెప్పింది. కాశ్మీరం, గాంధారం పక్కన అందులో చీనా పేరు ఉంది. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున ఒక గృహస్థురాలు చైనా పేరు రాతి మీద చెక్కించగలిగింది. తర్వాత ఏడో శతాబ్దంలో చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకం దాకా వచ్చి చూసి రాసుకున్నాడు. ఇప్పుడు చైనాకు విహారయాత్ర వెళ్లే తెలుగువాళ్లు ముందు నాగార్జునకొండకు ఒక్కసారి వెళ్లి వస్తే, యాంగ్జీ మీద చూసేవి వాళ్లకు అపరిచితంగా అనిపించవు.

నాగార్జునసాగర్ తర్వాత ఆ జాగ్రత్త అన్ని చోట్లా ఒకేలా లేదు. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా గ్రామాలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం వంటివి విప్పి అలంపురం చేర్చారు, ఆ పని బాగానే చేశారు. ఊళ్లను మాత్రం 1981లో బుల్‌డోజర్లతో ఖాళీ చేయించారు. సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక లాంచీలు ఆ నీళ్ల మీదుగానే నల్లమల అందాలు చూపిస్తూ వెళతాయి. ఏ ఊరి మీదుగా వెళుతున్నామో మైకులో ఒక్క మాట చెబితే ప్రయాణికుడికి ఆ ఏడెనిమిది గంటలు వేరేలా ఉంటాయి.

ఇక మన కోటిలింగాల. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న ఊరు. కోటేశ్వరస్వామి గుడికి, నదీ స్నానానికి జనం వస్తారు. ఊరి పక్కన మట్టికోట ఉంది. 1979 నుంచి కొన్నేళ్లు పురావస్తు శాఖ అక్కడ తవ్వితే ఇటుక కట్టడాలు, బావులు, విడ్డూరంగా అనిపించేటన్ని నాణేలు దొరికాయి. గోభద, సమగోప వంటి స్థానిక రాజుల పేర్లున్నవి కొన్ని. చిముక సాతవాహనుడి పేరున్నవి కొన్ని. చిముకుడంటే పురాణాలు చెప్పే శ్రీముఖుడు, శాతవాహన వంశానికి మూలపురుషుడు. అప్పటిదాకా శాతవాహనుల పుట్టిల్లు మహారాష్ట్రలోని పైఠాన్ ప్రాంతమని గట్టిగా వాదించినవాళ్లు కూడా కోటిలింగాల నాణేల తర్వాత ఆలోచనలో పడ్డారు. చరిత్రకారుల మధ్య ఆ వాదం ఇంకా ఉంది. కానీ వేలి గోరంత నాణెం మీద బ్రాహ్మీ లిపిలో నాలుగు అక్షరాలు ఒక వంశం చరిత్ర మీది చర్చను తెలంగాణ గోదావరి ఒడ్డుకు జరిపాయన్నది నిజం.

కోటిలింగాలకు దిగువన గోదావరి మీద 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది. 2004లో శంకుస్థాపన జరిగింది. రామగుండం విద్యుత్ కేంద్రానికి, హైదరాబాద్ తాగునీటిలో కొంత భాగానికి నీళ్లు అక్కడి నుంచే వెళతాయి. దాని వెనుక నీరు కోటిలింగాల దాకా వచ్చి నిలుస్తుంది. డ్యామ్ వద్దనడానికి లేదు. హైదరాబాద్‌లో కుళాయి తిప్పే ఎన్నో ఇళ్లు దానికి రుణపడి ఉన్నాయి. అయితే ఆ రుణం ఏ ఊళ్లకు, ఏ నేలకు చెందుతుందో ఆ ఇళ్లకు తెలియాలి కదా. తవ్వి తీసినవి కరీంనగర్, హైదరాబాద్ మ్యూజియాల్లో అద్దాల వెనుక ఉన్నాయి, దొరికిన నేల ఇక్కడ నీటి అంచున ఉంది. నాణెం ఒకచోట, నేల ఒకచోట. నిండుకుండలా ఉన్న గోదావరి మీద కాసేపు పడవలో తిరిగి వచ్చేవాళ్లకు ఈ రెండింటినీ కలిపి చూపేవాళ్లు కావాలి. రేవులో ఆ నాణేల పెద్ద ఫోటోలు, మట్టికోట పటం, ఇక్కడ ఏం దొరికిందో పిల్లలకు కూడా అర్థమయ్యే తెలుగులో రెండు పేజీలు పెడితే చాలు. బైహెలియాంగ్ కట్టక్కరలేదు.

మధ్య మానేరు కింద మునిగినవి శాతవాహనుల నాటివి కావు, నిన్నమొన్నటి ఊళ్లు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, కొడుముంజ, అనుపురం, చీర్లవంచ, చింతలఠాణా, సంకెపల్లి. ఇంకా ఉన్నాయి. ఈ పేర్లతోనే ఇప్పుడు పునరావాస కాలనీలు వెలిశాయి. ఊరు పేరు కాలనీకి వెళ్లింది. చెరువు కట్ట, పోచమ్మ గుడి, బొడ్రాయి, బడి ముందరి వేపచెట్టు మాత్రం వెళ్లలేదు. చరిత్ర అంటే రెండు వేల ఏళ్ల నాటిదే కానక్కరలేదు. ఇరవై ఏళ్ల కిందట బతుకమ్మ ఆడిన వాకిలి కూడా చరిత్రే. దాన్ని చూసినవాళ్లు ఇంకా బతికి ఉన్నారు కాబట్టి దాని వివరాలు రాసుకోవడం శాతవాహనుల వివరాలు వెతకడం కంటే వంద రెట్లు సులువు.

విహారానికి వెళ్లేవాళ్లు సేద తీరాలని వెళతారు, ముంపు కథలు చెప్పి మనసు పాడు చేయడం ఎందుకని కొందరంటారు. తీసిపారేయదగిన మాట కాదు. ఏడాదికి నాలుగు రోజులు దొరికే సెలవు ఎవరికైనా విలువైనదే. కానీ జనం అనుభవం వేరే మాట చెబుతోంది. శ్రీశైలం నీళ్లు తగ్గి సప్తనదీ సంగమేశ్వరం గుడి బయటపడే నెలల్లో అక్కడికి జనం ఎగబడతారు. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలో ఉండే గుడి కాబట్టే వస్తారు. వేసవిలో జలాశయం తగ్గితే ముంపు ఊళ్లవాళ్లు పాత ఇంటి గోడ చూసుకోవడానికి పిల్లల్ని వెంటపెట్టుకుని వెళతారు. యాంగ్జీ మీద కూడా కొండల్ని చూడటానికి వచ్చినవాళ్లను చివరికి ఆపి నిలబెట్టేవి షీబావ్‌జాయ్ గోపురం, జాంగ్ ఫెయ్ గుడి. కథ తెలిస్తే నీళ్ల అందం తగ్గదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. చైనా చూపించేది చైనా ప్రభుత్వం చూపించాలనుకున్నదే కదా, రాళ్లను కాపాడి మనుషుల్ని తరలించిన దేశం నుంచి ఏం నేర్చుకోవాలి అంటారు. ఒప్పుకోక తప్పదు. ఓడ మైకులో డ్యామ్ గొప్పతనం ఎంత వినిపిస్తుందో ఇల్లు విడిచిన ముసలమ్మ మాట అంత వినిపించదు. పూర్వం యాంగ్జీ ఉపనదుల్లో పడవలను వెదురు తాళ్లతో ఒడ్డు వెంట లాక్కెళ్లిన కూలీల పని ఇప్పుడు యాత్రికుల కోసం చేసి చూపించే ఆటగా మిగిలింది. ఆ తాళ్ల రాపిడికి బండల మీద పడిన గాట్లు మాత్రం నిజమైనవి. ఇక్కడే మనకొక మేలు ఉంది. మన ముంపు ఊళ్ల మనుషులు పక్కనే కాలనీల్లో ఉన్నారు, నోరు విప్పి మాట్లాడతారు, పరిహారం గురించి కోర్టులకు వెళ్లారు, ధర్నాలు చేశారు. పడవలో వివరం చెప్పే పని ముంపు ఊరి యువకుడికే ఇస్తే, ఏ ప్రభుత్వం రాసిచ్చిన ప్రసంగమూ దానికి సాటి రాదు. అతనికి జీతమూ వస్తుంది. పాపికొండల దారిలో పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆగితే కొండరెడ్లు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముతారు. పోలవరం ప్రాజెక్టు నిండితే ఆ ఒడ్డు ఉండదు. వాళ్ల నుంచి వెదురు వస్తువులు కొనడమే కాదు, వాళ్ల మాట వినే ఏర్పాటు కూడా ఇప్పుడే ఉండాలి.

ఇక అన్నిటికంటే ముందు ప్రాణం. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి 50 మంది దాకా చనిపోయారు. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. నది వరద మీద ఉన్న రోజది. చైనాలోనూ 2015 జూన్ 1 రాత్రి గాలివానలో యాంగ్జీ మీద విహార ఓడ ఒకటి తిరగబడి 442 మంది పోయారు, 12 మందే బతికారు. ధనిక దేశం, పెద్ద ఓడ అన్న ధైర్యం నీళ్ల మీద పనికిరాదని అది చూపింది. నేల మీద కూడా కొండగట్టుకు ఈ పాఠం తెలుసు. 2018 సెప్టెంబరు 11న ఘాట్ రోడ్డు మీద కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కాబట్టి వరదవెల్లి అయినా కోటిలింగాల అయినా, ఎంతమంది ఎక్కాలో అంతకంటే ఒక్కరిని కూడా ఎక్కించకపోవడం, ప్రతి ఒంటి మీదా లైఫ్ జాకెట్, గాలి లేచినా వరద వచ్చినా పడవ కట్టేయడం తప్పనిసరి. ఇవి లేని చోట పర్యాటకం గురించి మాట్లాడటమే తప్పు. అయితే ప్రమాదం భయంతో పడవలు శాశ్వతంగా ఆపేయమనడం కూడా సరికాదు. నియమం ఉన్న రేవు మూసేస్తే జనం నియమం లేని నాటు పడవ ఎక్కుతారు.

డబ్బు మాట చివరికి మిగిలింది. 1955 నాటి భారతదేశం పేద దేశం. నాగార్జునసాగర్ ఆనకట్ట మట్టి, రాయి చాలావరకు మనుషులే తట్టలతో మోశారు. అయినా ఒక లోయ మునగబోతోందంటే ముందు తవ్వి, రాసి, విప్పి, కొండకెక్కించే ఓపిక ఆ దేశానికి ఉంది. ఈరోజు ఒక ఊరి జ్ఞాపకం దాచడానికి అందులో వెయ్యో వంతు ఖర్చు కూడా కాదు. రేవులో ఒక గది, మునిగిన ఊళ్ల పేర్లతో ఒక బోర్డు, ఏ ఊరు ఎక్కడ ఉండేదో చూపే పటం, ఇళ్ల నుంచి సేకరించిన పాత ఫోటోలు. ఆ ఫోటోలు ఇప్పుడు పునరావాస కాలనీల్లో బీరువాల్లో, ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. పెళ్లి పందిరి వెనుక పాత ఇల్లు, బోనాల ఊరేగింపు వెనుక చెరువు కట్ట, బడి పిల్లల గ్రూపు ఫోటో వెనుక ఆ వేపచెట్టు కనిపించే ఫోటోలు. మీ ఇంట్లో అలాంటిది ఒక్కటున్నా, ఈ ఆదివారమే తీసి, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వెనుక ఊరి పేరు, వాడ పేరు, ఏ సంవత్సరమో, అందులో ఎవరెవరున్నారో పెన్నుతో రాసి పెట్టండి.